డీఫ్రాగ్మెంటేషన్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీ కంప్యూటర్‌లో ఉన్న డిస్కు ఏదో చూడండి

ప్రశ్న: నేను ఖమ్మంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. అందులో 1 టీబీ హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. ఇప్పుడు అది తెరుచుకోవడానికే చాలా సమయం పడుతోంది. డిస్కులో ఫైళ్లు ముక్కలు ముక్కలుగా అయిపోయాయని, మంచి డీఫ్రాగ్మెంటేషన్ సాఫ్ట్‌వేర్ వేస్తే వేగం వస్తుందని రిపేరు షాపు అబ్బాయి చెప్పాడు. డబ్బు పెట్టి కొనాల్సిన ఒక ప్రోగ్రామును క్రాక్ చేసి ఉచితంగా ఎక్కిస్తానని కూడా అన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే ఉచితమైనవీ, డబ్బు కట్టాల్సినవీ చాలా కనిపించాయి. వీటిలో ఏది ఎంచుకోవాలి? అమ్మాయి పెళ్లి వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు అందులోనే ఉన్నాయి కాబట్టి వాటికేమైనా ప్రమాదం ఉంటుందా? ఎస్‌ఎస్‌డీ ఉన్న మా మనవడి ల్యాప్‌టాప్‌లో కూడా అదే వేయవచ్చా?

సమాధానం: మాస్టారూ, మీరు అడిగిన చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవాటికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పులలో సమాచారాన్ని దాచే డిస్కు, కాబట్టి మీ మనవడి ల్యాప్‌టాప్‌లో ఏ డీఫ్రాగ్మెంటేషన్ సాఫ్ట్‌వేరూ వేయనవసరం లేదు, వేయకూడదు కూడా. మీ డెస్క్‌టాప్‌కు డీఫ్రాగ్మెంటేషన్ ఉపయోగమే గానీ, దానికోసం మీరు రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. షాపులో ఎక్కిస్తానన్న క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా ఎవరో దొంగతనంగా మార్చిన ప్రోగ్రామును మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

మీ హార్డ్ డిస్కు లోపల అయస్కాంత పూత ఉన్న గుండ్రటి పళ్లాలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మీద సన్నని చేతిలాంటి భాగం చివర ఉండే హెడ్ అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. విండోస్ ఒక ఫైలును దాచేటప్పుడు దాన్ని సాధారణంగా 4 కేబీల చిన్న గడులలో పెడుతుంది. వరుసగా ఖాళీ గడులు దొరికితే ఫైలు ఒకేచోట ఉంటుంది, దొరకకపోతే దొరికిన చోటల్లా కొంత కొంత పెట్టుకుంటూ పోతుంది. నాలుగెకరాల పొలం ఏడు ఊళ్లలో ఏడు చెక్కలుగా ఉన్న రైతుకు దుక్కి కంటే నడకకే ఎక్కువ పొద్దు పోయినట్టు, అప్పుడు హెడ్‌కు చదవడం కంటే తిరగడానికే ఎక్కువ సమయం పోతుంది. చెదిరిన ముక్కలను పక్కపక్కకు చేర్చడమే డీఫ్రాగ్మెంటేషన్.

ఈ ఆలస్యం ఎంతో లెక్క కట్టి చూస్తే సాఫ్ట్‌వేర్ ప్రకటనలు చెప్పే మాటల బరువు తెలుస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు ఆగాలి. హెడ్ ఆ వరుసకు చేరడానికి సుమారు 9 మిల్లీసెకన్లు వేసుకుంటే, ఒక్కో ముక్కకు దాదాపు 13 మిల్లీసెకన్ల అదనపు ఆలస్యం జరుగుతుంది. ఒక ఫైలు పది ముక్కలైతే పోయేది సెకనులో ఎనిమిదో వంతు, దాన్ని మీరు గమనించను కూడా గమనించరు. అదే ఫైలు వెయ్యి ముక్కలైతే 13 సెకన్లు పోతాయి, అది బాగా తెలుస్తుంది. అందువల్ల డిస్కులో ఎన్ని ఫైళ్లు చెదిరాయన్నదాని కంటే, రోజూ వాడే ఫైళ్లు ఎంత చిన్న చిన్న ముక్కలుగా చెదిరాయన్నదే చూడవలసిన విషయం.

మీ పెళ్లి వీడియోల సంగతే తీసుకోండి. 4 జీబీల వీడియో ఫైలు 64 ఎంబీల చొప్పున 64 ముక్కలైందనుకున్నా, మొత్తం ఆలస్యం ఒక సెకను లోపే. ఆ ఫైలు మొత్తాన్ని చదవడానికి మామూలు హార్డ్ డిస్కుకు ఎలాగూ అర నిమిషం పడుతుంది. వీడియోను చూసేటప్పుడైతే సెకనుకు కొద్ది ఎంబీలు చదివితే సరిపోతుంది కాబట్టి, ఆ ఒక్క సెకను కూడా మీకు కనపడదు. ఈ కారణంగానే విండోస్‌లోని డీఫ్రాగ్మెంటేషన్ పరికరం 64 ఎంబీలు, అంతకంటే పెద్ద ముక్కలను చెదిరినవిగా లెక్కలోకి తీసుకోదు. బయటి ప్రోగ్రాములలో చాలావాటికి ఈ మినహాయింపు ఉండదు. కాబట్టి ఒకే డిస్కును విండోస్ రెండు శాతమే చెదిరిందని చూపిస్తే, ఇంకో ప్రోగ్రాము ఇరవై శాతమని ఎర్ర గడులతో తెర నింపవచ్చు. రెండూ అబద్ధం చెప్పవు, కొలిచే తీరు వేరు. ఆ ఎర్ర గడులను చూసి భయపడి డబ్బు కట్టవద్దని చెప్పడానికే ఇంత లెక్క చెప్పవలసి వచ్చింది.

ఇక ఎంపిక విషయానికి వస్తాను. విండోస్‌లో పరికరం ఉండగా బయటివాటి అవసరం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఇప్పుడు ఏం చేయాలో తేలికగా తేలుతుంది. 1993లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 6లో డీఫ్రాగ్ అనే ప్రోగ్రాము ఉండేది, దాన్ని మైక్రోసాఫ్ట్ సిమాంటెక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి తీసుకుంది. 1996 నాటి విండోస్ ఎన్‌టీ 4.0లో అటువంటి ప్రోగ్రాము పెట్టలేదు గానీ, నడుస్తున్న కంప్యూటర్‌లో ఫైలు ముక్కలను భద్రంగా జరిపే సదుపాయాన్ని విండోస్ లోపలే కల్పించారు. దాన్ని ఆధారం చేసుకుని డిస్క్‌కీపర్ వంటి ప్రోగ్రాములు అమ్ముడుపోయాయి. విండోస్ 2000లో మైక్రోసాఫ్ట్ పెట్టింది ఆ డిస్క్‌కీపర్‌కే కుదించిన రూపం. అది వారానికోసారి దానంతటది నడిచేది కాదు, మనమే గుర్తుపెట్టుకుని నడపాలి. ఆ రోజుల్లో మంచి బయటి ప్రోగ్రాము కొనుక్కోవడంలో అర్థం ఉండేది. ఆ తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ పని నిర్ణీత సమయానికి దానంతటదే జరిగేలా మార్చారు. విండోస్ 7 ఎస్‌ఎస్‌డీని గుర్తించి దాన్ని వదిలిపెట్టడం మొదలుపెట్టింది. విండోస్ 8 నుంచి అదే పరికరం ఆప్టిమైజ్ డ్రైవ్స్ అన్న పేరుతో డిస్కు రకాన్ని బట్టి తగిన పని చేస్తోంది. అయినా పాత రోజుల సలహా మాత్రం షాపుల్లో అలాగే నిలిచిపోయింది.

పైన చెప్పిన ఫైలు ముక్కలను జరిపే సదుపాయాన్నే ఈనాటికీ బయటి ప్రోగ్రాములూ వాడుకుంటున్నాయి. ఫైలును ఎక్కడికి చేర్చాలి, ఏది ముందు చేర్చాలి అన్న నిర్ణయం మాత్రమే వాటిది, జరిపే పని విండోస్‌దే. కాబట్టి పది రెట్ల వేగం వంటి హామీలను నమ్మడానికి ఆధారం లేదు.

మీరు చేయవలసింది ఇది. స్టార్ట్ పక్కన వెతికే చోట డీఫ్రాగ్‌మెంట్ అన్న మాటను ఇంగ్లీషులో టైపు చేస్తే, డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ అన్న పేరు కనిపిస్తుంది. దాన్ని తెరిస్తే మీ డ్రైవులన్నీ వరుసగా ఉంటాయి. మీడియా టైప్ అన్న నిలువు వరుసలో అది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా అన్నది రాసి ఉంటుంది. దాని పక్కనే చివరిసారి ఎప్పుడు సర్దారో తేదీ ఉంటుంది, ఆ తేదీని శ్రద్ధగా చూడండి. విండోస్ ఈ పనిని వారానికోసారి, కంప్యూటర్ ఆన్‌లో ఉండి ఎవరూ వాడని సమయంలో చేసుకుంటుంది. మన ఇళ్లలో చాలామంది అవసరమైనప్పుడు ఆన్ చేసి, పని కాగానే కరెంటు ఆదా కోసం వెంటనే ఆపేస్తారు, అది మంచి అలవాటే. కానీ అటువంటి ఇంట్లో కంప్యూటర్‌కు తీరిక సమయమే దొరకదు కాబట్టి, నెలల తరబడి ఈ పని జరగకుండా ఉండిపోవచ్చు. మీ తెర మీద పాత తేదీ కనిపిస్తే మీకు కొరవడింది సాఫ్ట్‌వేర్ కాదు, ఒక రాత్రి సమయం మాత్రమే.

అయితే ఆప్టిమైజ్ బటన్ నొక్కే ముందు రెండు పనులు తప్పనిసరిగా చేయాలి, వీటిలో నేను రాజీపడను. మొదటిది, పెళ్లి వీడియోలు, పొలం కాగితాలు మరో చోట కాపీ చేసి పెట్టుకోవడం. బయట తగిలించే హార్డ్ డిస్కులో ఒక కాపీ, కాగితాల స్కాన్లయితే చిన్నవే కాబట్టి పెన్ డ్రైవులోనో ఆన్‌లైన్ ఖాతాలోనో ఇంకో కాపీ ఉంచండి. డీఫ్రాగ్మెంటేషన్ వల్ల ఫైళ్లు పోతాయని కాదు. విండోస్ ముక్కను కొత్త చోట రాసిన తర్వాతే పాత చోటును వదులుతుంది, కాబట్టి మధ్యలో ఆపినా, కరెంటు పోయినా మామూలుగా నష్టం జరగదు. అసలు ప్రమాదం డిస్కు వయసు నుంచి వస్తుంది. 2014 నాటి హార్డ్ డిస్కు ఏ రోజైనా ఆగిపోగల వయసుకు వచ్చింది, దానిలో ఒకే ఒక్క కాపీగా ఉన్న ఏ వస్తువూ భద్రంగా ఉన్నట్టు కాదు. యూపీఎస్ లేకపోతే, కరెంటు తరచూ పోయే వేళల్లో ఈ పని పెట్టుకోకండి.

రెండోది, డిస్కు ఆరోగ్యాన్ని చూడటం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము, డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ వివరాలను చదివి చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే ముందుకు వెళ్లవచ్చు. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆగండి. ముఖ్యంగా రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అన్న వరుసల్లో చివరన రా వాల్యూస్ కింద సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే, డిస్కు ఉపరితలం పాడవుతోందని అర్థం. అటువంటి డిస్కును డీఫ్రాగ్ చేయడమంటే గంటల తరబడి దాన్ని చదివించి, రాయించి అలసిపోయేలా చేయడం. అది వేగం తెచ్చే పని కాదు, ఉన్నది కూడా పోయే పని. ఆ పరిస్థితిలో ఫైళ్లను బయటికి తీసుకుని డిస్కు మార్చడం ఒక్కటే మార్గం. కంప్యూటర్ నెమ్మదించిందని వచ్చినవారికి ఈ ఒక్క పరీక్ష చేయకుండా డీఫ్రాగ్ ప్రోగ్రాము ఎక్కించి పంపడం సరైన పద్ధతి కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

డిస్కు బాగానే ఉంటే, అందులో కనీసం 15 శాతం ఖాళీ ఉండేలా చూసుకోండి. విండోస్ ఉండే సీ డ్రైవు 150 జీబీలైతే 22, 23 జీబీలు ఖాళీగా ఉండాలి. ఖాళీ లేకపోతే ముక్కలను చేర్చడానికి చోటు ఉండదు, చేర్చినవి కూడా త్వరలోనే మళ్లీ చెదురుతాయి. నిజానికి నిండిపోవచ్చిన డిస్కే ఫైళ్లు చెదరడానికి పెద్ద కారణం. ఆ తర్వాత రాత్రి పడుకునే ముందు సీ డ్రైవును ఎంచుకుని ఆప్టిమైజ్ నొక్కి వదిలేయండి. చాలాకాలంగా చేయని డిస్కుకు కొన్ని గంటలు పట్టవచ్చు. వీడియోలు వేరే డ్రైవులో ఉంటే, ఒకసారి రాసి మళ్లీ మార్చనివి కాబట్టి అక్కడ పెద్దగా చెదిరి ఉండవు, దాన్ని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

విండోస్ పరికరం కాకుండా మరొకటి కావాలనిపించే సందర్భాలు లేకపోలేదు. ఒకే ఒక పెద్ద ఫైలునో, ఒక ఫోల్డరునో మాత్రమే సర్దాలనుకుంటే ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో అటువంటి వీలు లేదు. దానికి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ విభాగం ఉచితంగా ఇచ్చే కాంటిగ్ ఉంది, అయితే దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో ఆజ్ఞలు టైపు చేసి నడపాలి. బొమ్మలతో, బటన్లతో కావాలంటే పిరిఫామ్ వారి డీఫ్రాగ్లర్ ఒక్కో ఫైలును ఎంచుకోనిస్తుంది. తేలికైనదే గానీ చాలా ఏళ్లుగా దాని అభివృద్ధి సాగడం లేదు, కాబట్టి దాన్ని పాత హార్డ్ డిస్కులకే పరిమితం చేయమంటాను. ఆస్లాజిక్స్ డిస్క్ డీఫ్రాగ్, ఐఓబిట్ స్మార్ట్ డీఫ్రాగ్ ఉచిత రూపాల్లో దొరుకుతాయి. ఇటువంటివి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరనూ చదివి, అదే కంపెనీ ఇతర ప్రోగ్రాములకు పెట్టి ఉన్న టిక్కులు తీసేయాలి. జర్మనీకి చెందిన ఓ అండ్ ఓ డీఫ్రాగ్ డబ్బు కట్టి కొనేది. ఫైళ్లను పేరు, వాడకం, తేదీల ప్రకారం అమర్చే రకరకాల పద్ధతులు అందులో ఉన్నాయి, కానీ ఇంటి కంప్యూటర్‌లో ఆ తేడా మీకు తెలిసే అవకాశం చాలా తక్కువ.

ఏ ప్రోగ్రామునైనా తూచేటప్పుడు నేను మొదట చూసేది, ఎస్‌ఎస్‌డీని గుర్తించి దాన్ని డీఫ్రాగ్ చేయకుండా ఆగుతుందా అన్నది. తర్వాత, తయారీదారు సొంత సైటు నుంచే దొరుకుతోందా, ముందు పరీక్షించి చూపించి ఆ తర్వాతే పని మొదలుపెడుతుందా, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ తానూ లేచి కూర్చుంటుందా అన్నవి చూస్తాను. చివరి గుణం ఉన్న ప్రోగ్రాము 4 జీబీ ర్యామ్ ఉన్న మీ కంప్యూటర్‌కు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. రిస్టోర్ పాయింట్ల విషయం, అంటే ఏదైనా తేడా వస్తే కంప్యూటర్‌ను వెనకటి స్థితికి తీసుకెళ్లడానికి విండోస్ దాచుకునే గుర్తుల విషయం కూడా చెప్పాలి. మామూలుగా ఉండే 4 కేబీ గడుల డిస్కులో, ఆ సంగతి పట్టించుకోని ప్రోగ్రాముతో ఎక్కువగా ఫైళ్లు జరిపితే పాత రిస్టోర్ పాయింట్లు చెరిగిపోవచ్చు. అది పట్టించుకునే ప్రోగ్రాములలో వాల్యూమ్ షాడో కాపీకి, అంటే ఆ రిస్టోర్ పాయింట్లను దాచే విండోస్ సదుపాయానికి అనుకూలంగా పనిచేసే ఎంపిక ఉంటుంది.

మీ కంప్యూటర్‌లో ఇన్ని వందల లోపాలున్నాయి, వెంటనే సరిచేయండి అని హఠాత్తుగా తెర మీదికి వచ్చే ప్రకటనలను తెరవకుండానే మూసేయండి. బ్రౌజరులో కనిపించే ప్రకటన మీ హార్డ్ డిస్కును పరీక్షించలేదు. అక్కడ కార్డు వివరాలు ఇవ్వడం మరీ ప్రమాదం. క్రాక్ చేసిన ప్రోగ్రాము అంతకంటే ప్రమాదకరం. డీఫ్రాగ్మెంటేషన్ ప్రోగ్రాము మొత్తం డిస్కు మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. ఎవరు మార్చారో, ఏం మార్చారో తెలియని ప్రోగ్రాముకు ఆ అధికారం ఇస్తే, పొలం కాగితాల దగ్గర నుంచి బ్యాంకు పాస్‌వర్డుల దాకా అన్నీ దాని చేతిలో పెట్టినట్టే. అందులోనూ విండోస్ ఉచితంగా చేసే పనికోసం ఈ సాహసం చేయడంలో అర్థం లేదు.

మీ మనవడి ల్యాప్‌టాప్ విషయంలో ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం, కదిలే హెడ్ ఉండవు. ఎక్కడి సమాచారాన్నైనా దాదాపు మిల్లీసెకనులో పదో వంతులో అందిస్తుంది కాబట్టి, హార్డ్ డిస్కులో జరిగే ఆలస్యం దానికి లేదు. పైగా అందులో ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేది దాని లోపలే ఉండే సొంత కంట్రోలరు చిప్పు. విండోస్‌కు వరుసగా కనిపించే గడులు చిప్పులలో నిజంగా వరుసగా ఉండనే ఉండవు. కాబట్టి సర్దిన ఫలితం కనిపించదు గానీ, ఎన్నిసార్లు రాయవచ్చో హద్దు ఉన్న మెమరీ మీద అనవసరంగా రాత పెరుగుతుంది. దానికి కావలసింది ట్రిమ్. చెరిపేసిన ఫైళ్ల చోట్లు ఇక అక్కర్లేదని డ్రైవుకు తెలియజేసే పని అది. ఎస్‌ఎస్‌డీని ఎంచుకుని ఆప్టిమైజ్ నొక్కినప్పుడు విండోస్ చేసేది ప్రధానంగా ఆ పనే, అందువల్ల ఆ ల్యాప్‌టాప్‌లో వారంవారం జరిగే షెడ్యూలును ఆపవద్దు. పెన్ డ్రైవులు, మెమరీ కార్డులకు కూడా డీఫ్రాగ్మెంటేషన్ అక్కర్లేదు. కాపీల కోసం మీరు కొనబోయే బయటి హార్డ్ డిస్కును కూడా వదిలేయండి. అటువంటి చిన్న డిస్కులలో చాలావాటిలో సమాచారం రాసే గీతలు, అంటే ట్రాకులు, ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాస్తారు, వాటిలో తిరగరాత చాలా నెమ్మదిగా సాగుతుంది.

ఇంత చేసినా మీ డెస్క్‌టాప్ పూర్తిగా చురుగ్గా మారుతుందని నేను హామీ ఇవ్వలేను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ తెరుచుకున్న మొదటి నిమిషాల్లో అందులో డిస్కు వాడకం 100 శాతం దగ్గర నిలిచిపోతే, 4 జీబీ ర్యామ్ చాలక విండోస్ పదేపదే డిస్కు మీదికి వెళుతూ ఉండవచ్చు. స్టార్టప్ ట్యాబ్‌లో మీరు వాడని ప్రోగ్రాములను డిజేబుల్ చేస్తే కొంత ఊరట కలుగుతుంది. ప్రోగ్రాము కొనడానికి మీరు పక్కన పెట్టుకున్న డబ్బు ఉంటే, దాన్ని ఒక 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీకి, వీలైతే మరో 4 జీబీ ర్యామ్‌కు మళ్లించండి. 240 లేదా 256 జీబీల ఎస్‌ఎస్‌డీ విండోస్‌కు సరిపోతుంది, మీ కాలపు డెస్క్‌టాప్‌లలో దాన్ని తగిలించే సాటా కనెక్షను ఉంటుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2014 నాటి ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. అందువల్ల బ్యాంకు పనులు ఆ కంప్యూటర్‌లో చేయకుండా ఉండటం మంచిది, దాని మీద పెట్టే ఖర్చును కూడా ఈ హద్దులోనే ఉంచుకోండి.

షాపు అబ్బాయి చేత చేయించుకోదగిన పని ఇదే. పాత డిస్కు ఆరోగ్యంగా ఉందని తేలితే, విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, పాత డిస్కును వీడియోల కోసం అలాగే ఉంచమనండి. అప్పుడు ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో ఒకటి ఎస్‌ఎస్‌డీగా, మరొకటి హార్డ్ డిస్కుగా కనిపిస్తాయి. రెండింటికీ వారానికోసారి అన్న షెడ్యూలు ఆన్‌లో ఉంచి, నెలకోసారి ఏదో ఒక రాత్రి కంప్యూటర్‌ను ఆపకుండా వదిలేస్తే చాలు.